పెట్టెల్లో వచ్చిన ఇల్లు

మా నాన్నకి వినికిడి తగ్గి నాలుగేళ్ళయింది. మిషన్ పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళ మాట వినపడుతుంది గానీ, టీవీలో సినిమా వస్తుంటే మాటలు, పాటలు, వెనక మ్యూజిక్ అన్నీ కలిసిపోయి ఒకటే రొదలా ఉంటుందని తీసి జేబులో పెట్టేసుకుంటాడు. ఇక ఆ తర్వాత మేం నవ్వుతుంటే మా మొహాలు చూస్తూ కూర్చుంటాడు. 40 ఏళ్ళు తాపీపని చేసిన మనిషి, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా ఆయన చేతి మీదుగా లేచిన గోడ ఒకటైనా ఉంటుంది, అలాంటి మనిషి ఊరికే మొహాలు చూస్తూ కూర్చోవడం నాకు అస్సలు చూడబుద్ధి కాదు. కిందటి నెల చెవుల డాక్టర్‌కి చూపించడానికి అమ్మా నాన్నా హైదరాబాదు మా ఇంటికి వచ్చారు. ఒక రాత్రి అన్నాలయ్యాక నేను అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్ తీసిన 'వన్ వీక్' పెట్టాను. 1920లో వచ్చిన మూకీ, 25 నిమిషాలు కూడా ఉండదు. సౌండ్ మొత్తం తీసేశాను. అసలు మాటలే లేని సినిమా కదా, ఇందులో ఆయనకి తక్కువా మాకు ఎక్కువా ఏమీ ఉండదు అనుకున్నా.

ఈ సినిమాని నేను ఇప్పటికి పది పదిహేను సార్లు చూసుంటాను. ఒక మేస్త్రి పక్కన కూర్చుని చూడటం మాత్రం అదే మొదటిసారి, అందుకే ఇది రాస్తున్నా.

కథ చాలా చిన్నది. ఒక అబ్బాయికీ అమ్మాయికీ పెళ్ళవుతుంది. అబ్బాయి కీటన్, అమ్మాయి సిబిల్ సీలీ. చర్చిలోంచి బయటికి వస్తుంటే వాళ్ళ ఆచారం ప్రకారం చుట్టాలు పాత బూట్లు విసురుతారు. పెళ్ళికొడుకు వాటిలో ఒకటి తీసి సైజు చూసుకుని, సరిపోతుందనుకుని దాచేసుకుంటాడు. ఇంతలో మేనమామ తరఫు నుంచి పెళ్ళి కానుక వచ్చిందని తెలుస్తుంది: ఒక స్థలం, దాంట్లో కట్టుకోవడానికి ఒక ఇల్లు. ఆ ఇల్లు పెట్టెల్లో వస్తుంది. పెట్టెల మీద నంబర్లుంటాయి, ఆ వరస ప్రకారం బిగించుకుంటూ పోతే ఇల్లయిపోతుంది. సోమవారం పెళ్ళితో మొదలుపెట్టి ఆదివారం దాకా, క్యాలెండర్ కాగితాలు ఒక్కొక్కటీ చింపుతూ కథ చెబుతారు. పేరు కూడా అందుకే 'ఒక వారం'.

"ఇల్లు పెట్టెల్లో ఎట్లా వస్తదిరా" అని నాన్న అక్కడే అడిగాడు. ఆపి, ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను. అది సినిమావాళ్ళు అల్లిన కల్పన కాదు. అమెరికాలో ఆ రోజుల్లో ఇళ్ళని నిజంగానే అలా అమ్మేవాళ్ళు. సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 దాకా క్యాటలాగ్ అచ్చువేసి ఇళ్ళు అమ్మింది, దాదాపు 70 వేలు అమ్మారని అంచనా. అలాడిన్ అనే ఇంకో కంపెనీ, మిషిగన్‌లోని బే సిటీలో, దానికంటే రెండేళ్ళు ముందే మొదలుపెట్టింది. క్యాటలాగ్‌లో బొమ్మ చూసి ఆర్డరిచ్చి డబ్బు కడితే, కొలతల ప్రకారం కోసిన దూలాలు, పలకలు, కిటికీలు, తలుపులు, మేకులు, రంగు డబ్బాలతో సహా రైల్లో వచ్చేవి. కొన్నవాళ్ళే స్టేషన్ నుంచి తెచ్చుకుని, ఏ ముక్క ఎక్కడికో నంబరు చూసుకుంటూ, చుట్టుపక్కలవాళ్ళ సాయంతో కట్టుకునేవాళ్ళు. అంతా కలపే కాబట్టి అది కుదిరింది. ఇటుకా సిమెంటూ అయితే కుదిరేది కాదు. నాన్న కాసేపు ఆలోచించి, "నంబర్లు సరిగ్గా ఉంటే కుదురుద్ది" అన్నాడు.

సరిగ్గా ఆ మాట మీదే సినిమా అంతా నిలబడింది. ఈ అమ్మాయిని చేసుకోవాలనుకుని భంగపడ్డ ఒకడుంటాడు, హ్యాంక్. వాడు ఎవరూ చూడకుండా వచ్చి, కుంచెతో పెట్టెల మీద నంబర్లు మార్చేసి పోతాడు. మన జంటకి అది తెలియదు. నమ్మకంగా, శ్రద్ధగా, కాగితంలో ఎలా ఉంటే అలాగే చేసుకుంటూ పోతారు.

ఫోర్డ్ మోటార్ కంపెనీ 1919లో 'హోమ్ మేడ్' అని ఒక చిన్న సినిమా తీసింది. కొత్తగా పెళ్ళయిన జంట ఇలా తయారై వచ్చే ఇంటిని కట్టుకోవడం ఎంత సులువో చూపించే ప్రచార సినిమా. క్యాలెండర్ కాగితాలు, పెళ్ళి, ఫోర్డ్ మోడల్ టి కారు అన్నీ అందులో ఉన్నాయి. కీటన్ వాటినే తీసుకున్నాడు. ఆ సినిమా చెప్పిన ప్రతి మాటనీ తలకిందులు చేశాడు. నాకు ఇందులో నచ్చేది, అతను కంపెనీని తిట్టలేదు, క్యాటలాగ్ అబద్ధమని అనలేదు. పద్ధతి సరైనదే, పనిచేసేవాళ్ళు మంచివాళ్ళే, శ్రమకీ లోటు లేదు, మొదట్లోనే ఒక్క అంకె మారింది. అంతే, ఇల్లు ఇల్లులా రాలేదు.

ఆ ఇల్లు పూర్తయి తెర మీద మొదటిసారి కనిపించినప్పుడు నాన్న నవ్వలేదు. ముందుకి వంగి కళ్ళు చిట్లించి చూశాడు. కప్పు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, కిటికీలకి నాలుగు మూలల్లో ఒక్క మూలా మట్టంలో ఉండదు, వరండా స్తంభాలు వంకర, పై అంతస్తులో ఒక తలుపు ఉంటుంది, అది తీస్తే బయట అంతా గాలే. కోపం వచ్చిన పసివాడు గీసిన బొమ్మలా ఉంటుంది. "తూకంగుండు వెయ్యలేదు, మూలమట్టం పెట్టలేదు" అని మొదలుపెట్టి, కాసేపటికి వేలితో టీవీ మీద చూపిస్తూ, "అయినా పడిపోకుండా నిలబెట్టాడు చూడు, ఇట్టా నిలబెట్టడమే కష్టంరా, తిన్నగా కట్టడం కంటే" అన్నాడు. ఈ ఇంటి గురించి నేను చదివిన విశ్లేషణల్లో ఎవరూ ఆ మాట అనలేదు. వంకర ఇంటిని వంకరగానే గట్టిగా కట్టాలి, అందులో మనుషులు పైకెక్కాలి, దూకాలి, వేలాడాలి. దాన్ని కట్టిన పనివాళ్ళెవరో గానీ వాళ్ళ పనితనం ఒక మేస్త్రి కంటికి 100 ఏళ్ళ తర్వాత ఆనింది.

ఇంటి పని మొదట్లో ఒక దృశ్యం ఉంది. కీటన్ దూలం చివర కూర్చుని, తను కూర్చున్న వైపే రంపంతో కోస్తుంటాడు. మనకి ఇది కొత్తేమీ కాదు, కాళిదాసు కొమ్మ కథ విననివాళ్ళు మనలో ఉండరు. దూలం తెగుతుంది, కింద పడతాడు. అమ్మ "అయ్యో" అని, వెంటనే నవ్వింది. కీటన్ మాత్రం లేచి, తెగిన ముక్క వైపు ఒకసారి చూసి, తర్వాతి పనికి వెళ్ళిపోతాడు. ఆ చూపు ఒక్క సెకను కూడా ఉండదు. నొప్పని మొహం పెట్టడు, మన జాలి కోసం మనవైపు చూడడు. ఒక పని చెడింది, ఇంకో పని ఉంది, అంతే.

"అబ్బాయి బాగున్నాడు గానీ నవ్వడేంట్రా" అంది అమ్మ. నిజంగానే సినిమా అంతా ఎక్కడా నవ్వడు. ఆయన్ని ప్రపంచమంతా ఎరిగిందే ఆ మొహంతో. 1895లో కాన్సస్ రాష్ట్రంలో పికువా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లీ తండ్రీ ఊరూరా తిరిగి స్టేజి మీద ఆటలాడేవాళ్ళు. ఊహ తెలిసీ తెలియకముందే ఈ పిల్లాణ్ణి కూడా ఆటలోకి దించారు, 'త్రీ కీటన్స్' అని వాళ్ళ బృందానికి పేరు. తండ్రి వీణ్ణి ఎత్తి స్టేజి మీద అటూ ఇటూ విసిరేవాడు, తెరల మీదకీ, కొన్నిసార్లు ఎదురుగా ఉన్న వాద్యాలవాళ్ళ మీదకీ. ఎత్తి విసరడానికి పట్టు దొరకాలని పిల్లాడి బట్టలకి వెనకాల సూట్‌కేసు పిడి కుట్టారట. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. కానీ ఆ పిల్లాడు అక్కడే దెబ్బ తగలకుండా పడటం నేర్చుకున్నాడు, ఇంకోటి కూడా కనిపెట్టాడు: తను నవ్వితే జనం నవ్వడం తగ్గుతోంది, తను మొహం కదపకుండా ఉంటే జనం పడీపడీ నవ్వుతున్నారు. అమ్మకి ఇదంతా చెబితే, "పాపం, నవ్వే వయసులో నవ్వద్దన్నారన్నమాట" అంది.

1917లో రాస్కో ఆర్బకిల్ అనే పెద్ద కమెడియన్ దగ్గర సినిమాల్లో చేరాడు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికుడిగా ఫ్రాన్స్ వెళ్ళాడు, అక్కడ చెవి పాడైంది, వినికిడి సరిగ్గా తిరిగి రాలేదు. (నాన్నకి ఈ ముక్క చెప్పినప్పుడు, తెర మీది మనిషిని ఇంకోసారి శ్రద్ధగా చూశాడు.) ఆర్బకిల్ పెద్ద సినిమాల్లోకి వెళ్ళిపోయాక, నిర్మాత జోసెఫ్ షెంక్ కీటన్‌కి సొంతంగా సినిమాలు తీసుకునే అవకాశం ఇచ్చాడు. మొదట 'ది హై సైన్' అని ఒకటి తీశాడు, అది తనకే నచ్చక పక్కన పెట్టించేశాడు, అది 1921లో గానీ బయటికి రాలేదు. అలా జనం ముందుకి వచ్చిన మొదటిది 'వన్ వీక్' అయింది. ఎడ్వర్డ్ క్లైన్‌తో కలిసి కీటనే డైరెక్ట్ చేశాడు, వయసు ఇంకా పాతిక నిండలేదు. సొంత పేరు మీద వచ్చే తొలి సినిమా ఎలా ఉండాలో ఆ వయసులో అంత తేటగా తెలిసి ఉండటం, బాగా లేనిదాన్ని ఆపుకునే ధైర్యం ఉండటం, నాకు ఈ రెండూ తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

మళ్ళీ ఇంట్లోకి వద్దాం. పియానో తెచ్చేవాడు ఒకడు వస్తాడు. నటుడి పేరు జో రాబర్ట్స్, కొండలాంటి మనిషి. పియానోని ఒక్క భుజం మీద పెట్టుకుని, బియ్యం బస్తా మోసుకొచ్చినంత తేలిగ్గా వస్తాడు, తెచ్చి కీటన్ చేతుల్లో పెడతాడు. కీటన్ దాని కింద పడిపోతాడు. ఆ బరువైన పియానోని లోపలికి లాగడానికి కీటన్ ఇంటి మధ్య దీపం వేలాడే చోట కప్పుకి తాడు వేస్తాడు. లాగుతుంటే పియానో కదలదు, పైకప్పు కిందకి సాగుతుంది. ఆ పైగది నేల మీద హ్యాంక్ ఉంటాడు, నేలంతా గిన్నెలా కుంగుతుంది, తాడు వదిలేసరికి నేల ఒక్కసారి పైకి ఎగిరి వాణ్ణి కప్పులోంచి బయటికి కొడుతుంది. నాన్న ఇక్కడే మొదటిసారి బయటికి నవ్వాడు. ఎంత గట్టిగా నవ్వాడంటే మా అమ్మాయి చదువుకునే గదిలోంచి లేచి వచ్చింది ఏమైందోనని. "కప్పుకి తాడు కడతాడా ఎవడన్నా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నవ్వుతూనే, ఎప్పుడో పని నేర్చుకునే కొత్తలో సెంట్రింగ్ కర్రకి తాడు కట్టి బకెట్లు లాగబోయి మేస్త్రి చేత తిట్లు తిన్న సంగతి చెప్పాడు. మాకెవరికీ ఎప్పుడూ చెప్పని కథ అది.

తివాచీ పరిచే ముక్క నాకు బాగా ఇష్టం. కీటన్ గది నిండా తివాచీ పరిచి చుట్టూ మేకులు కొట్టేస్తాడు. అంతా అయ్యాక చూసుకుంటే కోటు దాని కింద ఉండిపోయింది. మేకులన్నీ మళ్ళీ పీకుతాడా? లేదు. ఉబ్బెత్తుగా ఉన్నచోట కత్తితో కోసి, కోటు తీసుకుని, ఆ కన్నం మీద ఇంకో చిన్న తివాచీ పరిచేస్తాడు. ఎంత చక్కటి పరిష్కారం! అమ్మ నాన్న వైపు చూసింది, నాన్న టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. మా పాత ఇంట్లో పెద్ద గది మూలన గచ్చు మీద ఎప్పుడూ ఒక పీట ఉండేది, దాన్ని ఎవరూ కదపకూడదు. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

స్నానం సీను గురించి చెప్పకుండా ఉండలేను. ఆ అమ్మాయి తొట్టిలో స్నానం చేస్తుంటే సబ్బు జారి బయట పడుతుంది. తీసుకోవాలంటే లేవాలి. ఆమె మన వైపు, అంటే కెమెరా వైపు చూస్తుంది. ఇంతలో ఎవరిదో ఒక చెయ్యి వచ్చి కెమెరాకి అడ్డం పెడుతుంది. కాసేపటికి చెయ్యి తీస్తే ఆమె మళ్ళీ తొట్టిలో, సబ్బు చేతిలో, మొహం మీద చిరునవ్వు. 1920లో ఇంత మర్యాదగా, ఇంత చనువుగా ప్రేక్షకుడితో మాట్లాడిన సినిమా ఇది. మాట ఒక్కటి లేకుండా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అదే స్నానాల గదికి ఒక తలుపుంది, ఇందాక చెప్పానే, తీస్తే బయట గాలి, ఆ తలుపు. కీటన్ అందులోంచి ధీమాగా నడుచుకుంటూ బయటికెళ్ళి పై అంతస్తు నుంచి నేల మీద పడతాడు. అది బొమ్మ కాదు, ఇంకొకడు కాదు, అతనే. పడేచోట గుంత తవ్వి, గడ్డి నింపి, పైన పచ్చిక పరిచి మామూలు నేలలా చేశారు. అయినా ఆ తర్వాత చేతులు బాగా వాచిపోయాయి. ఇంకోచోట ఇంటి గోడ మొత్తం అతని మీదకి పడుతుంది, సరిగ్గా కిటికీ ఖాళీ ఉన్నచోట అతను నిలబడి ఉంటాడు కాబట్టి ఏమీ కాదు. ఇదే ఆలోచనని ఎనిమిదేళ్ళ తర్వాత, 1928లో 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో నిజమైన బరువున్న పెద్ద గోడతో చేశాడు, అటూ ఇటూ అంగుళాల ఖాళీతో. అది ఎక్కువమందికి తెలుసు. దాని విత్తనాల్లో ఒకటి మాత్రం ఇక్కడుంది.

నాకు ఎన్నాళ్ళుగానో ఉన్న అభిప్రాయం ఒకటి చెబుతాను. ఈ సినిమాలో అందరూ కీటన్ పడటాల గురించే మాట్లాడతారు, సిబిల్ సీలీ గురించి ఒక ముక్క అని వదిలేస్తారు. అది అన్యాయం. ఆ అమ్మాయి ఇందులో అలంకారానికి లేదు. పని చేస్తుంది. సామాను అందిస్తుంది, వంట చేస్తుంది, ఇంటి గోడ మీద రెండు హృదయాలు గీసి బాణం వేస్తుంది, చివర్లో ఇల్లు లాగాల్సి వచ్చినప్పుడు మొగుడితో పాటు తనూ ఒక చెయ్యి వేస్తుంది. ఆ రోజుల కామెడీల్లో పెళ్ళాం అంటే చాలాసార్లు అప్పడాల కర్ర పట్టుకుని సాధించే మనిషి, లేదంటే దూరం నుంచి చూసి మురిసిపోవడానికి ఒక బొమ్మ. ఇక్కడ రెండూ కాదు. ఇల్లు అలా వంకర తిరిగినందుకు ఆమె ఒక్కసారి కూడా అతన్ని నిందించదు. అతనూ ఆమె మీద విసుక్కోడు. వాళ్ళిద్దరి మధ్య గొడవ పెట్టి నవ్వించడం ఎంతో తేలిక, ఆ దారి కీటన్ తొక్కలేదు. గొడవంతా ఇంటితో, వాళ్ళిద్దరూ ఒకవైపు.

నాన్న ఇది నేను చెప్పకుండానే పట్టుకున్నాడు. "ఆ పిల్ల పని చేస్తంది చూడు" అని అమ్మ మోచేతిని తట్టాడు. మా సొంత ఇల్లు కట్టుకునేటప్పుడు పగలంతా నాన్న వేరేవాళ్ళ ఇళ్ళ పనికి పోయి, సాయంత్రం వచ్చి లైటు పెట్టుకుని మా గోడలు కట్టేవాడు. ఇటుకలు అందించింది అమ్మ, నీళ్ళు పెట్టింది అమ్మ. నాకప్పుడు ఆరేళ్ళు, ఇసక కుప్ప మీద నిద్రపోయేవాణ్ణి. ఒక రాత్రి కట్టిన గోడ పొద్దున గుండు వేసి చూస్తే ఒక అంగుళం బయటికి వచ్చింది. నాన్న ఏమీ మాట్లాడకుండా విప్పడం మొదలుపెట్టాడు, అమ్మ కూడా ఏమీ మాట్లాడకుండా విప్పిన ఇటుకలకి అంటిన సిమెంటు గీకుతూ కూర్చుంది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా" అంది అమ్మ ఇప్పుడు, సినిమా చూస్తూ. ఈ జంట ఆ రెండూ ఒకే వారంలో చేశారు పాపం.

శుక్రవారం వస్తుంది, క్యాలెండర్ మీద 13వ తేదీ. వాళ్ళ నమ్మకంలో అంతకంటే చెడ్డరోజు లేదు. గృహప్రవేశం ఆ రోజే పెట్టుకుంటారు. చుట్టాలు వస్తారు, వాన మొదలవుతుంది, కప్పు కారుతుంది, కీటన్ ఇంట్లోనే గొడుగు వేసుకుంటాడు. గాలివాన పెద్దదై, చివరికి ఇల్లు తిరగడం మొదలుపెడుతుంది. గానుగ తిరిగినట్టు, ముందు మెల్లగా, తర్వాత వేగంగా. లోపల జనం గోడలకి కొట్టుకుంటూ పోతుంటారు. కీటన్ బయట ఉండిపోతాడు, తిరుగుతున్న ఇంటి గుమ్మం తన ముందుకొచ్చినప్పుడల్లా దూకుతాడు, తప్పిపోతుంది, ఇంకోసారి దూకుతాడు, గోడకి తగులుతాడు. ఒక్కొక్క చుట్టమూ బయటికి విసిరేసినట్టు వచ్చి బురదలో పడతాడు. ఇందులో కెమెరా మాయ లేదు. నిజం ఇంటిని చక్రం మీద కట్టి తిప్పారు. అందుకే దాని బరువు మనకి తెలుస్తుంది. ఈ మధ్య సినిమాల్లో ఊళ్ళకి ఊళ్ళు కూలిపోతుంటే చూస్తూ పాప్‌కార్న్ తింటున్నాం, ఈ ఒక్క చెక్క ఇల్లు తిరుగుతుంటే మాత్రం నాకు కడుపులో తిప్పుతుంది. కెమెరా కూడా దూరంగా, కదలకుండా, మనిషి తల నుంచి కాళ్ళ దాకా, ఇల్లు పునాది నుంచి కప్పు దాకా కనపడేలా ఉంటుంది. దాచేదేమీ లేనివాడే అలా పెట్టగలడు.

తెల్లారాక ఇంకో దెబ్బ. వాళ్ళు ఇల్లు కట్టింది తప్పు స్థలంలో. స్థలం నంబరు 99 అనుకున్నారు, ఆ బోర్డు తలకిందులుగా ఉంది, అది 66. అసలు స్థలం రైలు పట్టాలకి అవతల ఉంది. నంబర్లు ఇంకోసారి మోసం చేశాయి, ఈసారి హ్యాంక్ కూడా అక్కర్లేకపోయింది. ఇక్కడ కీటన్ ఏం చేస్తాడు? ఇంటి కిందకి పీపాలు తోసి, కారుకి తాడు కట్టి, ఇల్లు లాగడం మొదలుపెడతాడు. ఇల్లు పట్టాల మధ్యకొచ్చి ఆగిపోతుంది. అప్పుడే దూరంగా రైలు.

ఎవరైనా ఇంతవరకు చూడనివాళ్ళుంటే ఈ ఒక్క పేరా వదిలేసి సినిమా చూసి రండి. రైలు వస్తుంది, ఇద్దరూ ఇక చేసేదేమీ లేక పక్కకి తప్పుకుంటారు, కళ్ళు మూసుకుంటారు, రైలు వస్తుంది, వస్తుంది, పక్క పట్టా మీద నుంచి వెళ్ళిపోతుంది. ఇల్లు క్షేమం. నాన్న "హమ్మయ్య" అని పైకే అన్నాడు, చేతులు రెండూ తొడల మీద చరుచుకున్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే అవతలి వైపు నుంచి ఇంకో రైలు వచ్చి ఇంటిని ముక్కలు చేసేసింది. నిజం రైలు, నిజం ఇల్లు. గదిలో ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు, ఆ తర్వాత మా అమ్మాయి, అమ్మ, నేను, నాన్న నలుగురం ఒకేసారి నవ్వాం. అందరికంటే ముందు నవ్వింది నాన్నే అనుకుంటా. 25 నిమిషాలు కష్టపడి కట్టిందంతా పోతే నవ్వు ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. మొదటి రైలు వెళ్ళిపోయినప్పుడు మనం వాళ్ళ తరఫున పీల్చుకున్న ఊపిరి ఉంది చూశారూ, అదే రెండో రైలుకి నవ్వై బయటికొస్తుందని నా లెక్క.

శిథిలాల ముందు కీటన్ 'అమ్మబడును' బోర్డు పెడతాడు. ఆమె చెయ్యి పట్టుకుని వెళ్ళబోతూ ఆగి, వెనక్కి వచ్చి, ఇల్లు ఎలా కట్టాలో చెప్పే ఆ కాగితాన్ని కూడా బోర్డుకి తగిలిస్తాడు. కొనుక్కునేవాడికి కావాలి కదా. అప్పుడు ఇద్దరూ నడిచి వెళ్ళిపోతారు.

కీటన్ జీవితంలో కూడా ఇళ్ళు వచ్చాయి, పోయాయి. 1920ల్లో బాగా సంపాదించినప్పుడు బెవర్లీ హిల్స్‌లో ఇటాలియన్ విల్లా అని పెద్ద భవనం కట్టాడు. పెళ్ళి చెడి, తాగుడు పట్టుకుని, 1928లో సొంత స్టూడియో వదిలి పెద్ద కంపెనీలో చేరి స్వేచ్ఛ పోగొట్టుకుని, ఆ భవనమూ పోగొట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత అదే ఇంట్లో ఉన్న నటుడు జేమ్స్ మేసన్‌కి అక్కడ దాచిపెట్టిన కీటన్ సినిమాల రీళ్ళు దొరికాయి. పోయిన ఇల్లే ఆయన సినిమాలు కొన్నిటిని కాపాడింది. ముసలితనంలో, తన జీవితం మీద సినిమా తీయడానికి కంపెనీ ఇచ్చిన డబ్బుతో వుడ్‌ల్యాండ్ హిల్స్‌లో మామూలు ఇల్లు కొనుక్కుని, భార్య ఎలియనోర్‌తో, పెరట్లో కోళ్ళతో ఉన్నాడు. 1966లో ఆ ఇంట్లోనే పోయాడు. 'వన్ వీక్'ని 2008లో అమెరికా ప్రభుత్వం కాపాడదగ్గ సినిమాల జాబితా అయిన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చింది.

చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. దీని మీద హక్కుల గడువు ఎప్పుడో అయిపోయింది, యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ చాలా రకాలున్నాయి. కొన్నిట్లో మనుషులు చీమల్లా గబగబా పరిగెడతారు, అవి చూడకండి, మనిషి నడక మనిషి నడకలా ఉన్న కాపీ వెతకండి. మ్యూజిక్ ఎవరికి తోచింది వాళ్ళు కలిపినదే, అప్పట్లో హాల్లో కూర్చుని పియానోనో ఆర్గనో వాయించేవాళ్ళు, సినిమాతో పాటు వచ్చినదంటూ ఏమీ లేదు. కాబట్టి సౌండ్ తీసేసి చూసినా పోయేదేమీ లేదు. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల కార్డులు కొన్నే, ఇంట్లో పెద్దవాళ్ళుంటే చదివి చెబితే చాలు.

రెండు రోజుల తర్వాత నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో లైటు లేదు. అమ్మా నాన్నా సోఫాలో ఉన్నారు, మా అమ్మాయి పెట్టిచ్చిందట, కీటన్ 1921లో తీసిన 'ది బోట్' చూస్తున్నారు. అందులోనూ సిబిల్ సీలీయే భార్య. ఇంటి లోపల పడవ తయారుచేస్తాడు, బయటికి లాగాలంటే గుమ్మం చాలదు. నేను చెప్పులు విప్పే లోపల పడవ గోడని తీసుకుని బయటికొచ్చేసింది, వెనకాల ఇల్లు మొత్తం కూర్చుండిపోయింది. నాన్న చెయ్యి ముందుకి చాపి, పడిన గోడని అమ్మకి చూపిస్తూ, ఏ దూలం ముందు పోయిందో చెబుతున్నాడు. చెవి మిషన్ టీపాయ్ మీద, కళ్ళజోడు పక్కన ఉంది.